మా అమ్మాయి వివరపత్రము

ఊరగాయలను గూర్చియు, పసిబిడ్డల పెంపకమును గూర్చియు వ్రాయుమనిన మేము కలము పట్టుటకు జంకము. కాని అడవిజంతువులను పరిశీలించు ఉద్యోగమునకు కాగితము ఎట్లు వ్రాయవలయునో చెప్పుటకు మీకేమి యధికారమున్నదని సోదరీమణులు మమ్ము అడుగవచ్చును. అడుగుట న్యాయమే. మేము అడవిలో ఒక్క రాత్రియైనను గడపినవారము కాము. పులిని జంతుప్రదర్శనశాలలో తప్ప మఱియొకచోట చూచి యెఱుగము. ఐనను ఒక కాగితము సరిగా వ్రాసికొననందున మా యింట ఎనిమిది నెలల కాలము వృథగా పోయినది. ఒక పిల్ల మనస్సు క్రుంగిపోయినది. ఆ కాగితమును తిరిగి వ్రాసిన నాలుగు రాత్రులలో మేము నేర్చుకొన్నది మఱియొక యింటి బిడ్డకు పనికివచ్చునేమో యను నాశతో ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మా రెండవ అమ్మాయి వన్యప్రాణి శాస్త్రములో ఎమ్మెస్సీ చదివినది. మేముండునది గుంటూరు. ఉప్పలపాడు మాకు చేరువ. అక్కడి చెఱువులోని చెట్లపై గూడబాతులును కొంగలును గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుకొనుట చూచుటకు మావారు దానిని సైకిలుపై ముందు కూర్చుండబెట్టుకొని తీసికొనిపోవువారు. అప్పుడు పట్టిన పిచ్చి దానిని విడువలేదు. ఇంజనీరింగు చదువుమని బంధువులందఱు చెప్పినను వినక, జంతుశాస్త్రము చదివి, పిమ్మట దూరదేశమునకు పోయి ఈ చదువు ముగించుకొని వచ్చినది. మా అత్తగారిని ఎవరైన "మీ మనుమరాలు ఏమి చదివినదండీ?" యని అడిగినచో, ఆమె కొంచెము సంకోచించి, "అడవులలో పిల్లుల పెంటలు ఏరు చదువమ్మా!" యని నవ్వి మాట దాటించెడివారు. నిజము చెప్పవలెనన్న, మేమును అంతకన్న ఎక్కువ తెలిసినవారము కాము. పట్టా వచ్చినదని సంతోషించితిమే కాని, ఆ పట్టాకై బిడ్డ ఏమి చేసినదో కూర్చుండబెట్టి అడిగిన పాపమున పోలేదు.

చదువు ముగిసిన పిమ్మట అది ఉద్యోగములకు వ్రాయ మొదలుపెట్టినది. ఈ శాస్త్రము చదివినవారికి పనులు లేకపోలేదు. 1982లో దేహరాదూనులో నెలకొల్పబడిన భారతీయ వన్యప్రాణి సంస్థ కలదు. కోయంబత్తూరులో సలీం అలీ పేరిట పక్షిశాస్త్ర కేంద్రము కలదు. మన హైదరాబాదులోనే సీసీఎంబీవారి లాకోన్స్ అను ప్రయోగశాల అంతరించిపోవు జాతులకొఱకు పనిచేయుచున్నది. పులుల అభయారణ్యములలో కాంట్రాక్టుపై జీవశాస్త్రజ్ఞులను నియమించుకొందురు. 2006 మొదలుకొని నాలుగేండ్లకొకమాఱు దేశమంతట పులుల లెక్క జరుగుచున్నది. దానికి చదువుకొన్న పిల్లలు అనేకులు కావలసియుందురు. స్వచ్ఛంద సంస్థలును కలవు. ఐతే ఒక్కొక్క పనికి వచ్చు దరఖాస్తులు వందలకొలది. వానిని చదువువారు ఒక్కొక్క కాగితముపై రెండు మూడు నిమిషములకన్న ఎక్కువ కాలము పెట్టలేరు. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. మా అమ్మాయి ఎనిమిది నెలలలో తొమ్మిది చోట్లకు వ్రాసినది. ఒక చోటినుండి మాత్రము "మీరు ఎంపిక కాలేదు" అని రెండు పంక్తుల జాబు వచ్చినది. తక్కిన ఎనిమిదింటినుండి అదియును లేదు.

ఇంతలో ఒక సంబంధము వచ్చినది. కుఱ్ఱవాడు మంచివాడే. కాని పిల్ల ముఖము చూచినచో, ఆ సంబంధము ఇష్టమై కాక, ఓడిపోయి ఒప్పుకొనునట్లు కనబడినది. మా అక్కగారి కుమార్తె ఒకతె అట్లే చదువు పెట్టెలో పెట్టి మూతవేసి పెండ్లిపీటలపై కూర్చున్నది. నేటికిని ఆ మాట వచ్చినప్పుడు లేచి వంటింటిలోనికి పోవును. అది మాకు జ్ఞప్తికి వచ్చినది. ఒకనాటి రాత్రి భోజనములైన పిమ్మట, "అమ్మడూ, నీవు వారికి పంపుచున్న కాగితమేదో ఒకసారి చూపుము" అంటిమి.

"అది ఇంగ్లీషులో ఉన్నదమ్మా, నీకు విసుగు పుట్టును" అన్నది.

"విసుగు పుట్టినచో చెప్పెదము. తెమ్ము" అంటిమి.

తెచ్చినది. రెజ్యూమే యని పిల్లలందురు, మేము వివరపత్రమందుము. దానిని చదివినంతనే మాకు ఎక్కడనో చూచినట్లు తోచినది. పైన కుడివైపు పట్టుచీరతో దిగిన ఛాయాచిత్రము. క్రింద తండ్రిపేరు, తల్లిపేరు, పుట్టిన తేది, వివాహము కాలేదను మాట, శాశ్వత చిరునామా. పిదప పదవ తరగతినుండి మార్కుల పట్టిక. పిదప "పుస్తకపఠనము, తోటపని, సంగీతము వినుట" అను అభిరుచులు. చివర, పైన వ్రాసినదంతయు సత్యమని ప్రమాణము. సోదరీమణులారా, ఇది మేమెఱిగిన కాగితమే! మా చెల్లెండ్రకును, మఱదండ్రకును మేమే స్వయముగా ఇట్టివి పదింటికి తక్కువ కాకుండ వ్రాసితిమి. గోత్రమును నక్షత్రమును చేర్చినచో పెండ్లివారికి పంపదగిన కాగితము సిద్ధమగును!

పెండ్లివారు చూచునది పిల్ల ఎవరి బిడ్డ యని. ఉద్యోగమిచ్చువారు చూచునది పిల్ల చేతినుండి వచ్చిన పని ఏదియని. మా అమ్మాయి పని ఆ కాగితమునందు ఎక్కడ నున్నదా యని వెదకితిమి. రెండవ పుట అడుగున ఒకే ఒక పంక్తి కనబడినది: "గోదావరి మడ అడవులలో వన్యప్రాణి సర్వేయందు సహాయపడితిని." నాలుగు నెలలు అది ఇల్లు విడిచి కాకినాడ ప్రాంతమున నున్నది. మేము ప్రతిరాత్రియు ఫోను మ్రోగువఱకు నిద్రపోలేదు. ఆ నాలుగు నెలలకును ఇది ఒక్క పంక్తియా!

"అక్కడ నీవేమి చేసితివి?" అని అడిగితిమి.

"అందఱితోపాటు నేనును చేసితినమ్మా. బృందము పని. నేను చేసినది ప్రత్యేకముగా ఏమున్నది?" అన్నది.

ఆ మాట వినగానే మాకు గుండె కలుక్కుమన్నది. ఏలయనగా ఆ మాట దానిది కాదు, మాది. నలుగురిలో తన పని తాను చెప్పుకొనుట ఆడపిల్లకు తగదని చిన్ననాటినుండి నేర్పినది మేమే. చుట్టములు వచ్చి కూర బాగున్నదన్నచో "ఏదో చేసితిమి లెండు" అనుట మాకు అలవాటు. ఇదిగో, ఈ వ్యాసము వ్రాయుటలోనైనను "నేను" అనుటకు బిడియపడి "మేము" అనుచునే యున్నాము. వినయము గృహమునకు అందము తెచ్చుమాట నిజమే. కాని మూడువందలమందిలో ఒకరిని ఏరుకొనవలసిన పెద్దలు మనము వ్రాయని దానిని ఊహించి తెలిసికొనలేరుకదా.

పెట్టె అడుగున దాని దినచర్య పుస్తకములున్నవి. మూడు పుస్తకములు, ఉప్పుగాలికి ఉబ్బి, బురద మరకలతో నిండియున్నవి. పుటలు త్రిప్పితిమి. ప్రతిదినమును తేది, కాలము, పడవ బయలుదేరిన రేవు, ఆటుపోట్ల వేళలు, చూచిన జాడలు వరుసగా వ్రాసియున్నవి. ఆ రాత్రి మొదలుకొని నాలుగు రాత్రులు మేము ప్రశ్నించుటయు, అది పుస్తకము చూచి చెప్పుటయు, మావారు లెక్క వేయుటయు జరిగినది. మా అత్తగారు మంచముపై పండుకొని వినుచుండిరి.

అప్పుడు మాకు తెలిసిన సంగతులివి. గోదావరి సముద్రములో కలియుచోట కోరింగ అభయారణ్యము కలదు. దానిని 1978లో ప్రకటించిరి. అచ్చటి మడ అడవులలో బావురుపిల్లి యను జంతువు నివసించును. ఇది ఇంటిపిల్లికి రెండింతలకన్న పెద్దది. నీటిలో దిగి చేపలు పట్టును. పగలు కనబడుట అరుదు. కనుక దాని దారులలో చెట్లకు ట్రాప్ కెమెరాలు కట్టుదురు. జంతువు ఎదుటికి వచ్చినప్పుడు కెమెరా తనంత తానే చిత్రము తీయును. ఒక్కొక్క బావురుపిల్లికి ఒంటిమీది మచ్చల వరుస ఒక్కొక్క తీరుగ నుండును. వ్రేలిముద్రవలెనే దానినిబట్టి ఇది ఆ పిల్లి, ఇది మఱియొక పిల్లి యని గుర్తింతురు. మా అమ్మాయి తన చేతులతో ఇరువది చోట్ల కెమెరాలు కట్టి, ఒక్కొక్కచోట 21 రాత్రులు నడపినది. అది 420 రాత్రుల లెక్క. పౌర్ణమినాటి పోటుకు రెండు కెమెరాలు మునిగి 27 రాత్రులు పోగా, పనికివచ్చినవి 393 రాత్రులు. వేలకొలది చిత్రములను ఒక్కొక్కదానినే చూచి జాతులవారీగా విడదీసినది. అందు బావురుపిల్లి చిత్రములు 58. ఇవికాక 64 చోట్ల మలమును సేకరించి, జల్లెడలో కడిగి, అందులోని చేపపొలుసులను, పీతడిప్పలను, వెండ్రుకలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, పిల్లి ఏమి తిన్నదో పట్టిక వ్రాసినది. మా అత్తగారు చెప్పెడి "పెంటలు ఏరుట" ఇదియే! ఆమె మంచముమీద లేచి కూర్చుండి, "ఓసి పిల్లా, ఇంత చేసి ఒక్క ముక్కయైనను చెప్పవేమే!" అన్నారు.

ఆ ఒక్క పంక్తిస్థానమున మేము ఐదు పంక్తులు వ్రాయించితిమి: ఎక్కడ, ఏ నెలనుండి ఏ నెలవఱకు, ఏ జంతువునుగూర్చి, ఏ పద్ధతిని, ఎంత పని, అందు బృందముది ఎంత, తనది ఎంత, చివరకు తేలినదేమి. ఈ యేడు ప్రశ్నలకు సమాధానమున్నచో వన్యప్రాణి ఉద్యోగమునకు వ్రాయు అనుభవము నిండుగానుండును. "సహాయపడితిని", "పాల్గొంటిని" అను మాటలను కొట్టివేయించి, "కట్టితిని", "లెక్కించితిని", "గుర్తించితిని", "వ్రాసితిని" అను మాటలు పెట్టించితిమి. ఇంగ్లీషు వివరపత్రములలో "నేను" అను మాటను వదలి క్రియతోనే వాక్యము ప్రారంభింతురట. ఇది విని మా అమ్మాయికి ఊరట కలిగినది. "నేను" అనకుండనే తన పని చెప్పుకొనవచ్చును!

ఇట్లే మఱి రెండు పనులు బయటపడినవి. ఒక చలికాలము అది సముద్రపుటొడ్డున తాబేళ్ళ గ్రుడ్లను కాపాడు శిబిరములో స్వచ్ఛందముగా పనిచేసినది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు శీతకాలపు రాత్రులలో మన కోస్తా ఇసుకకు వచ్చి, గుంత త్రవ్వి, ఒక్కొక్కటి నూఱు గ్రుడ్ల వఱకు పెట్టిపోవును. నక్కలు, కుక్కలు త్రవ్వి తినకుండ వానిని తీసి కంచె వేసిన చోట పాతిపెట్టుదురు. ఇది 38 రాత్రులు, రాత్రికి ఆఱు కిలోమీటర్ల చొప్పున నడచినది. మొత్తము 228 కిలోమీటర్లు. జీతము లేని పనియని దానిని కాగితమునందు చేర్చనేలేదు! రెండవది, ప్రతి జనవరిలోను జరుగు నీటిపక్షుల గణన. ఇది 1987నుండి ఆసియా దేశములలో జరుగుచున్నది. మా అమ్మాయి ఐదేండ్లు వరుసగా మా ప్రాంతపు చెఱువుల లెక్క వ్రాసి పంపినది. ఇదియును విడిచిపెట్టినది. జీతమున్నను లేకున్నను పని పనియే యని మేమనుచుండగా, ఇంటిపని చేయు మాకు ఆ సంగతి ఒకరు చెప్పవలెనా యని మావారు నవ్విరి.

ఐతే మా యుత్సాహము హద్దు మీఱిన ఘట్టమును కూడ చెప్పవలయును. ఈ విద్యలో లెక్కలు కట్టుటకు ఆర్ అనియు, పటములు గీయుటకు క్యూజీఐఎస్ అనియు సాఫ్టువేరులు కలవు. "రెంటిలోను నిపుణురాలనని వ్రాయుము, ఎవరు చూడవచ్చిరి?" అని మావారనిరి. మేమును తలయూపితిమి. అమ్మాయి ఒప్పుకొనలేదు. "నాన్నగారూ, పటములు బాగుగా గీయగలను. ఆర్‌లో చిన్న లెక్కలు చేయగలనే కాని పెద్దవి రావు. రేపు ఎదుట కూర్చుండబెట్టి చేయుమన్నచో ఏమి చెప్పుదును?" అన్నది. మేము సిగ్గుపడితిమి. చేసినదానిని దాచుట ఒక తప్పు, చేయనిదానిని చేర్చుట అంతకన్న పెద్ద తప్పు. ఈ శాస్త్రము లెక్కలమీద నిలచినది. తన పనిని గూర్చియే తప్పులెక్క వ్రాయువారి పులుల లెక్కను ఎవరు నమ్ముదురు? కనుక దేనిని సొంతముగా చేయగలదో, దేనిని ఒకరి పర్యవేక్షణలో చేయగలదో విడివిడిగా వ్రాసినది.

ఇక కాగితము తీరు. ఛాయాచిత్రము, తల్లిదండ్రుల పేర్లు, వివాహవిషయము, అభిరుచులు తీసివేసితిమి. ప్రభుత్వ ప్రకటనలలో వయఃపరిమితి యుండును గనుక, వారడిగిన చోట పుట్టిన తేదిని వారి ఫారములో వ్రాసిన చాలును. పైన పేరు, ఫోను, ఈమెయిలు. దానిక్రింద చదువు, సిద్ధాంతవ్యాసపు విషయము ఒక పంక్తిలో. పిమ్మట క్షేత్రానుభవము, కడపటి పని ముందు, మొదటి పని వెనుక. పిమ్మట నేర్చిన పద్ధతులు, వాడిన పరికరములు, సాఫ్టువేరులు. పిమ్మట అచ్చైన వ్యాసములు, సమర్పించిన నివేదికలు. అచ్చు కానిదానిని అచ్చైనట్లు వ్రాయరాదు. చివర మన పనిని దగ్గఱనుండి చూచి చెప్పగల పెద్దల పేర్లు రెండో మూడో. వారి అనుమతి అడిగిన తరువాతనే వ్రాయవలయును. అంతయు రెండు పుటలకు మించరాదు.

శాస్త్రనామముల విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. బావురుపిల్లిని ప్రియొనైలూరస్ వైవెరినస్ అందురు. ఇంగ్లీషులో వ్రాయునప్పుడు మొదటి మాటకు పెద్దయక్షరము, రెండవ మాటకు చిన్నయక్షరము, రెండును వాలు అక్షరములలో నుండవలయును. మా అమ్మాయి తొందరలో రెండును పెద్దవిగా వ్రాసియుండెను. మాకు అది చుక్కంత దోషము; ఆ శాస్త్రజ్ఞుల కంటికి అన్నములో రాయివంటిది. అభయారణ్యములో పరిశోధనకు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అటవీశాఖ అనుమతి కావలెను గనుక, తమ పని అనుమతితోనే జరిగినదని ఒక మాట చేర్చినది. అరుదైన జంతువు దొరకిన చోటును మాత్రము ఏ రేవు, ఏ పాయ యని వివరముగా వ్రాయలేదు. ఆ కాగితము ఎవరి చేతులలో పడునో తెలియదు. వేటగానికి దారి చూపినట్లగును.

భాషల పంక్తి దగ్గఱ అమ్మాయి ఇంగ్లీషు, హిందీ మాత్రము వ్రాసియుండెను. "తెలుగు ఏదమ్మా?" అని అడిగితిమి. "అది అందఱికి వచ్చినదే గదా" అన్నది. అప్పుడు మావారు కలివికోడి కథ చెప్పిరి. ఆ పక్షిని 1848లో జెర్డాన్ అను దొర శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత అది ఎవరికిని కనబడక, నశించినదనుకొనిరి. 1986లో మన కడప జిల్లాలో, లంకమల కొండల చెంత, అది మరల దొరకినది. దొరకుటకు కారణము పెద్ద పరికరములు కావు. ఆ చిట్టడవిలో రాత్రులు తిరుగు స్థానికుడొకడు దాని నెఱిగియుండుట, పరిశోధకులు వానిని అడిగి తెలిసికొనుట. అడవిలో పనిచేయువానికి అచ్చటి మనుష్యుల మాట రావలెను. కనుక తెలుగు మొదటి భాషగా చేరినది. "పడవవారితోను, జాలరులతోను కలసి పనిచేసితిని" అనియు చేరినది. ద్విచక్రవాహనము నడపు లైసెన్సును, ఈత వచ్చుటయు, ప్రథమచికిత్స శిక్షణయు కూడ చేరినవి. ఆఫీసు ఉద్యోగములకు ఇవి అక్కఱలేకపోవచ్చును. అడవి ఉద్యోగమునకు ఇవియే ముఖ్యములు.

ఇట్లు తయారైన కాగితమునే అన్ని చోట్లకు పంపరాదనియు తెలిసికొంటిమి. పులుల పనికి వ్రాయునప్పుడు కెమెరాల పంక్తులు పైకి రావలెను. పక్షుల పనికైనచో గణన పైకి రావలెను. ప్రయోగశాలకైనచో సూక్ష్మదర్శినితో చేసిన పని పైకి రావలెను. ప్రకటనలో వారడిగిన అర్హతలను ఒక్కొక్కదానిని గుర్తుపెట్టుకొని, మన కాగితమున దానికి సమాధానము కలదా యని చూచుకొనవలెను. పప్పులు కొనుటకు పోవునప్పుడు చీటి చూచుకొనుటవంటిదే యిది. దానితోపాటు పంపు జాబు ఒక్క పుటకు మించక, ఆ పనియే తనకేల కావలెనో సూటిగా చెప్పవలెను. "చిన్ననాటినుండి నాకు జంతువులనిన ప్రేమ" యని అందఱు వ్రాయుదురట; ఆ ప్రేమతో ఏమి చేసితిమో వ్రాసినచో చాలును.

నాలుగవ రాత్రి పని ముగిసిన పిమ్మట అమ్మాయి జె. విజయ యను స్త్రీని గూర్చి చెప్పినది. ఆమె మద్రాసు పాముల పార్కులో పనిచేసి, మన దేశమున సరీసృపములను పరిశోధించిన తొలి స్త్రీలలో నొకతెగా పేరొందినది. ఎన్నో యేండ్లుగా ఎవరికిని కనబడని ఒక అడవితాబేలును 1982లో కేరళ అడవులలో వెదకి పట్టి, దాని జీవితమును తెలిసికొనుటకై అచ్చట ఒక గుహలో నివసించినది. 1987లో చిన్నవయస్సుననే మరణించినది. 2006లో శాస్త్రజ్ఞులు ఆ తాబేటికి విజయచెలిస్ అను పేరు పెట్టిరి. "ఆమె వ్రాసి పెట్టినందుననే గదమ్మా, ఆమె పోయిన పిమ్మటగూడ పని నిలచినది" అన్నది మా అమ్మాయి. ఆమె తల్లి ఎన్ని రాత్రులు నిద్రలేక గడపినదో యని మాకు తోచినది. కాని పైకి అనలేదు.

క్రొత్త కాగితము నాలుగు చోట్లకు పోయినది. రెండు చోట్ల మౌనమే. ఒకచోట కంప్యూటరులోనే ఇంటర్వ్యూ చేసి, మఱియొకరిని తీసికొనిరి. నాలుగవచోట ముగ్గురు పెద్దలు కూర్చుండి ముక్కాలు గంట ప్రశ్నించిరి. మేము ప్రక్కగదిలో చిక్కుడుకాయలు ఒలుచుచు వింటిమి. "420 రాత్రులలో 393 మాత్రమే పనికివచ్చెనని వ్రాసితివి. తక్కినవి ఏమైనవి?" అని ఒకరు అడిగిరి. మా చేతిలోని కాయ చేతిలోనే నిలచినది. అమ్మాయి తొణకలేదు. పోటు ఎంత యెత్తు వచ్చునో తాను సరిగా అంచనా వేయలేదనియు, మునిగిన మఱునాడు పడవవానిని అడుగగా, చెట్ల మొదళ్ళపై బురద నిలిచిన గీతను చూపి పౌర్ణమి అమావాస్యల పోటు అంతవఱకు వచ్చునని చెప్పెననియు, నాటినుండి ఆ గీతకు జానెడు పైన కట్టగా మఱి యొక్కటియు మునుగలేదనియు చెప్పినది. తరువాతి ప్రశ్నలన్నియు ఆ పనిని గూర్చియే సాగినవి. మొదటి కాగితముననైతే ఈ ప్రశ్నకు చోటే లేదు.

పని వచ్చినది. నల్లమలలో, ఒక సంవత్సరపు కాంట్రాక్టు. జీతము గొప్పది కాదు. సంవత్సరము ముగిసిన పిమ్మట మరల వెదకికొనవలసినదే. ఈ విద్యలో చాలమంది బ్రదుకు ఇట్లే యుండును. మేమును తల్లులము గనుక, బస ఎక్కడ, తోడు ఎవరు, జ్వరము వచ్చినచో ఆస్పత్రి ఎంతదూరము, రాత్రిపూట ఒంటరిగా పోవలసియుండునా యని నాలుగు ప్రశ్నలు వ్రాసి యిచ్చి, వారినే అడుగుమంటిమి. అడిగినందులకు వారేమియు అనుకొనలేదు సరికదా, వివరముగా చెప్పిరి.

సంబంధమువారు పిల్ల వివరములు పంపుమని మరల కబురుపెట్టిరి. పాత అలవాటున మేము తెల్లకాగితము తీసి పేరు, నక్షత్రము వ్రాయబోవుచుండగా మా అత్తగారు అడ్డుతగిలి, "అదెందుకే? మొన్న వ్రాసిన కాగితమే పంపుము. పిల్లది 228 కిలోమీటర్లు నడచినదని చదివియు కావలెనన్నచో అప్పుడు మాటాడుకొందము" అన్నారు. పంపితిమి. వారి జాబు ఇంకను రాలేదు. వచ్చినను, రాకున్నను అమ్మాయి ఈ నెలాఖరున బయలుదేరుచున్నది.

సోదరీమణులారా, మీ యింట ఇట్టి చదువు చదువు బిడ్డ యున్నచో, దాని వివరపత్రము వ్రాయుటకు మీకు ఇంగ్లీషు రానక్కఱలేదు, జంతుశాస్త్రము తెలియనక్కఱలేదు. అది ఇంటికి వచ్చిననాడు దాని దినచర్య పుస్తకము తెమ్మని, ప్రక్కన కూర్చుండి, "ఎక్కడ? ఎన్నాళ్ళు? ఎన్ని? నీవే చేసితివా?" అని అడుగుడు. అది చెప్పినదానిని చెప్పినట్లే వ్రాసికొనుమనుడు. మేము ఆ ప్రశ్నలు ఎనిమిది నెలలు ఆలస్యముగా అడిగితిమి. మీరు అంతకాలము ఆగవలదు.